ఎర్రదీపం ఎటు వెలిగితే అటు

మహాఘనత వహించిన బాబాయికి,

విత్తనాల సాళ్లు పాము పాకినట్టు పడ్డ మాట నిజమే. ట్రాక్టరులో దారి చూపే దీపాల పెట్టె ముందు నేను నిద్రపోలేదు. ఎర్రదీపం వెలిగిన వైపుకే తిప్పాలని మీరంటారు. వెలిగిందంటే ఆ వైపుకి సాలు తప్పామని, అవతలికి తిప్పాలని నేనంటాను. మీట మారిస్తే పెట్టె రెంటికీ ఒప్పుకుంటుంది. మీతో వాదించలేక, నిన్నంతా తిట్టుకుంటూ మీ పద్ధతి నేర్చుకున్నాను. మీరేమో పొద్దున్నే "పాపం, వాడు తికమకపడతాడు" అని పెట్టెను నా పద్ధతికి మార్చి వెళ్లారట! పిన్ని ఇప్పుడు చెప్పింది. అప్పటికే మీ పద్ధతిలో తిప్పుతూ సగం చేను విత్తేశాను.

చేను యజమాని వచ్చి, "ఇవి సాళ్లట్రా, నీ సంతకమా?" అన్నాడు. మిగిలిన సగమూ ఇలాగే పడితే మనల్ని మళ్లీ పిలవడు.

పెట్టెను తిరిగి మీ పద్ధతికే మార్చాను. ముట్టుకోకండి. విత్తడం ముగిసేదాకా నా మీద ప్రేమ కాస్త తగ్గించుకోండి.

ఇట్లు,
మీ అన్నగారి పుత్రరత్నం