మైకులో చెప్పిన మాట

నర్సీపట్నం,
మంగళవారం.

చిరంజీవి లోవలక్ష్మికి అమ్మ దీవెనలు.

ఇక్కడ మీ నాన్న, నానమ్మ, నేను కులాసాగానే ఉన్నాం. నానమ్మ మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ నోటికి ఏ ఢోకా లేదు. నీ దగ్గు పూర్తిగా పోయిందనీ, హాస్టల్లో పెట్టింది పెట్టినట్టు వదిలెయ్యకుండా తింటున్నావనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఆదివారం మీ వార్డెను ఇచ్చే పది నిమిషాల ఫోను "తిన్నావా, పడుకున్నావా"లకే సరిపోతుంది. అందుకే నువ్వు అడిగినవన్నీ కాగితం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

మౌళి మామయ్య పేపరు ఏజెన్సీ మానేశాడా అని అడిగావు. మానలేదు, కానీ మన వీధిలో ఇప్పుడు పేపరు పడేది మూడిళ్లకే. అందులో ఒకటి మిషను కుట్టే వెంకటరత్నమ్మగారిది. ఆవిడ చదవడానికి కాదు, జాకెట్ల కొలతలు కత్తిరించుకోవడానికి వేయించుకుంటోంది. "మరి వార్తలో?" అని అడిగితే ఫోను చూపించి, "పేపరు రేపు పొద్దున్న సెప్పేది ఇది నిన్ననే సెప్పేసింది" అంది.

నాన్న ఆటో మైకు ఇంకా ఎవరైనా వింటున్నారా అని కూడా అడిగావు. ఆ సంగతి నాకూ తెలుసుకోవాలనిపించింది. పదకొండేళ్లుగా గోపీకృష్ణ ఫ్లెక్సీ షాపు వెనక గదిలో కూర్చుని నేను చదివి రికార్డు చేసిన మాటలే కదా, మీ నాన్న ఆటోకు కట్టిన మైకులో ఊరంతా తిరిగేవి! కుళాయి నీళ్లు రావని, చుక్కల మందు వేస్తారని, పిల్లవాడు తప్పిపోయాడని, ఫలానా పెద్దాయన పోయారని. అందుకని ఈమధ్య కుళాయి కబురున్న రోజున, ఆటో మన వీధికి రాకముందే నేనే వెళ్లి గడపగడపకూ అడిగాను, "నీళ్లు రావని మీకెలా తెలిసింది?" అని. అందరి బిందెలూ ముందురోజు సాయంత్రమే నిండిపోయి ఉన్నాయి. వార్డు గ్రూపులో వచ్చేసిందట. వీధి చివరింటి మంగ ఒక్కతే ఖాళీ బిందె పట్టుకుని నిలబడింది. "ఫోనులో వొచ్చింది గానీ అక్కా, నువ్వు సెప్పలేదు కదా అని ఆగేను" అంది. నవ్వాను. ఇంటికొచ్చాక ఆ మాటే మనసులో తిరుగుతూ ఉండిపోయింది.

ఇంక నీ ఆఖరి ప్రశ్న. ఎవరో కంప్యూటర్‌తో నా గొంతు దొంగిలించారని హాస్టలంతా చెప్పానన్నావు. ఎలా చేస్తారో కనుక్కోమని మీ ఫిజిక్సు మేడం అడిగారన్నావు. దానికి జవాబు ఉంది. కానీ ముందు జరిగింది వరసగా చెప్పనీ.

డిసెంబరులో ఆ ఆడియో వచ్చింది. నువ్వు విన్నదే. "పట్టణ ప్రజలకు ముఖ్య గమనిక. రోడ్డు పక్కన గోనెల మీద పెట్టి అమ్ముతున్న బెల్లంలో బట్టలుతికే పొడి కలుస్తోంది. దయచేసి కొనకండి. పసిపిల్లలకు పెట్టకండి." అంతే. రెండు రోజుల్లో ఊళ్లో ప్రతి ఫోనులోనూ మోగింది.

కృష్ణా బజారు మలుపులో గోనె పరుచుకుని బెల్లం అమ్మేది ఎవరో నీకు తెలుసు. గొలుగొండ అవతలినుంచి వచ్చే రామాయమ్మ పిన్ని ఒక్కతే. వాళ్ల తమ్ముడి గానుగలో వండిన బెల్లం. తెల్లబడటానికి ఏ మందూ వెయ్యరు కాబట్టే నల్లగా ఉంటుంది. నీకు చిన్నప్పటినుంచీ నువ్వుండలు చేసింది దానితోనే. ఆ ఆడియోలో పేరు లేదు, ఊరు లేదు. అయినా జనం ఆమె వైపే వేలు చూపారు.

ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చూద్దామని నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని బయల్దేరాను. నవ్వకు. వెంకటరత్నమ్మగారికి కోటవురట్లలో ఉన్న చెల్లెలు పంపింది. ఆ చెల్లెలికి బడి పిల్లల తల్లుల గ్రూపులో వచ్చింది. రోలుగుంటలో మీ మేనత్త దగ్గరికి చేరేసరికి ఇద్దరు పిల్లలు ఆస్పత్రిలో పడ్డారు. ఇంకో ఊళ్లో ఒకరు పోయారు కూడా. "ఆడియోలో ఆ మాటే లేదు వదినా" అని నేను మళ్లీ పెట్టి వినిపిస్తే, మీ మేనత్త మొత్తం విని, "లేదా? నువ్వు సెప్పినట్టే గురుతు నాకు" అంది. మనిషి విన్నదానికీ, విన్నాననుకున్నదానికీ మధ్య ఇంత దూరం ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం రామాయమ్మ పిన్ని మనింటికి వచ్చింది. గడప దాటలేదు. ఎండలోనే నిలబడింది.

"అమ్మా దుర్గా, ఆ మాట నువ్వు సెప్పేవంతన్నారు. నీదేనేటి ఆ గొంతు?"

"నాది కాదు పిన్నీ," అన్నాను. "ఇప్పుడు కంప్యూటర్లో ఎవరి గొంతైనా తయారు చేసేస్తున్నారు. నేను చదివుంటే ఆటోలో వచ్చేది కదా!"

ఆమె ముఖం ఒక్కసారి విచ్చుకుంది. "అదే నానూ అన్నాను. మా దుర్గ అలాటి మాట సెప్పదు అని అందరికీ సెప్తన్నాను" అని, సంచిలోంచి అచ్చు బెల్లం తీసి నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు ఫోనులో వీడియో వార్తలు పెట్టే కుర్రాళ్లు వచ్చారు. "గొంతు పోగొట్టుకున్న మహిళ" అని నన్ను కూర్చోబెట్టి మాట్లాడించారు. నేను మాట్లాడాను. కన్నీళ్లు కూడా వచ్చాయి. మీ హాస్టలుకు చేరింది ఆ వీడియోయే అనుకుంటాను.

లోవా, ఆ గొంతు నాదే.

ఏ కంప్యూటరూ చెయ్యలేదు. నవంబరులో మన్మథరావు అనే ఆయన కొత్తగా కిరాణా కొట్టు పెడుతున్నానని గోపీకృష్ణ దగ్గరికి కాగితం పట్టుకొచ్చాడు. ముందు బట్టల పొడి గురించి, ఆఖర్న "స్వచ్ఛమైన బెల్లం మా వద్ద మాత్రమే" అని కొట్టు పేరు. బట్టల పొడి దగ్గర నేను ఆగాను. "ఇది ఎవరు చెప్పారు?" అని అడుగుదామనుకున్నాను. "బేగి సదివెయ్ దుర్గమ్మా, ఇంకా నాలుగున్నాయి" అన్నాడు గోపీకృష్ణ. చదివేశాను. అక్కడితో అయితే పొరపాటనుకోవచ్చు. "పసిపిల్లలకు పెట్టకండి అన్నకాడ ఇంకొంచెం బాధగా సెప్పండి" అన్నాడు ఆ మన్మథరావు. నేను గొంతు సవరించుకుని, రెండోసారి, వణుకు తెచ్చుకుని మరీ చెప్పాను. బాగా వచ్చిందని సంతోషించాను కూడా.

నమూనా ఆయన ఫోనుకు వెళ్లింది. తర్వాత ఆయన కొట్టే తెరవలేదు, ఆ ప్రకటన ఆటో ఎక్కలేదు. ఆ ఆఖరి ముక్క కత్తిరించి, కొట్టు పేరు లేకుండా జనంలోకి వదిలింది ఎవరో తెలియదు. మన్మథరావు తనకేం తెలియదంటాడు. నా నోటుబుక్కులో ఇరవై ఆరు పేర్లయ్యాయి. ప్రతివాళ్లూ ఇంకొకరిని చూపించారు. నిజానికి ఆ వెతుకులాటంతా నేను ఎందుకు చేశానో ఇప్పుడు తెలుస్తోంది. ఎవరో ఒక దోషి దొరికితే నా వంతు తగ్గుతుందని.

మీ స్నేహితురాళ్లకూ మేడంగారికీ ఈ సంగతి నువ్వే చెప్పు. మా అమ్మ అబద్ధమాడింది అని చెప్పడం నీకు కష్టమే. కానీ నేను నీ చేత ఒక అబద్ధం చెప్పించాను, అది అక్కడ అలా ఉండిపోకూడదు.

జనవరి ఆఖరికి రామాయమ్మ పిన్ని బజారుకు రావడం మానేసింది. వారం చూసి, మీ నాన్నతో ఆటోలో వాళ్ల ఊరు బయల్దేరాను. దారిలో ఆయనతో చెప్పేశాను. ఆయన బండి ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

"నాకు తెల్దేటి?" అన్నాడు. "ఆ రోజు బయటే ఉన్నాను కదా. ఆ గది తలుపు రేకుదే. రెండుసార్లు సెప్పేవు."

"మరి ఇన్నాళ్లూ అనలేదేం?"

"నువ్వే సెప్తావని సూసేను." మలుపు తిప్పి, "నాను సెప్పకపోడమూ తప్పే" అన్నాడు.

పిన్ని ఇంటి వసారాలో బెల్లం అచ్చులు దుప్పటి కింద చెమ్మగిల్లి, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. నన్ను చూసి ఆమె పక్కింటివాళ్లను కేకేసింది. "రండే, దుర్గ వొచ్చింది. నా తరపున మాటాడ్డానికి వొచ్చింది." నలుగురైదుగురు ఆడవాళ్లు చేరారు. వాళ్లందరి ముందే చెప్పాను, పిన్నీ ఆ గొంతు నాదే అని.

తిడుతుందనుకున్నాను. వంగి, అతుక్కుపోయిన అచ్చుల మీదికి దుప్పటి మళ్లీ లాగింది.

"బెల్లం పోతే పోయింది," అంది. "నీది కాదని ఇంటింటికీ ఎల్లి సెప్పేను కదే. ఇప్పుడు నన్ను కూడా అబద్దాలకోరుదాన్ని సేసేవు."

ఆమెకు పోయిన బజారు, పోయిన బేరాలు నాకు గుర్తున్నాయి గానీ ఇది తోచనే లేదు. నా మాట మోసుకుని ఆమె ఎన్ని గడపలెక్కిందో నేనెప్పుడూ లెక్కవెయ్యలేదు.

ఆ శనివారం కృష్ణా బజారులో మీ నాన్న ఆటో ఆపి మైకు ఇచ్చాడు. కాగితం లేకుండా మాట్లాడటం నాకదే మొదటిసారి. ఆడియో నాదేనని, బెల్లం గురించి నాకేమీ తెలియకుండానే చదివానని, కంప్యూటర్ అన్నది అబద్ధమని చెప్పాను. ఉల్లిపాయలు ఏరుకుంటున్న ఒకాయన తలెత్తి, "మరి ఇన్నాళ్లూ ఏటి సేసేవమ్మా?" అన్నాడు. మైకు ఆపేశాను.

ఎవరో ఫోనులో తీశారు. వారం రోజులు ఎదురుచూశాను. మొదటి ఆడియో రెండు రోజుల్లో మూడు మండలాలు దాటింది. ఇది ఊళ్లో ఉన్న అబిద్ సెంటరు కూడా దాటలేదు. రోలుగుంట మేనత్తకు నేనే పంపితే, "సూసేను, పెద్దదిగా ఉంటే సగంలో ఆపేసేను" అంది.

గోపీకృష్ణకు కోపం వచ్చింది. ఆ కోపం తప్పని అనను గానీ, ఇకమీదట ఎవరు రాశారు, నిజమా కాదా అని అడిగాకే చదువుతానన్నాను. "అన్నీ అడిగితే బేరాలెలా అవుతాయి దుర్గమ్మా?" అన్నాడు. ఇప్పుడు నిజంగానే కంప్యూటర్ గొంతు తెచ్చాడు. అది బలిఘట్టం అని ఊరి పేరు పలకడానికే నానా అవస్థ పడుతోంది. మీ నాన్న ఆ గొంతు పెట్టుకుని తిరుగుతున్నాడు. "పక్కన ఎవరో తెలీని మనిసి కూకున్నట్టున్నాది" అంటున్నాడు. నేను వెంకటరత్నమ్మగారి దగ్గర హుక్సులు, కాజాలు కుడుతున్నాను. నా గురించి బెంగపెట్టుకోకు.

పోయిన బుధవారం రామాయమ్మ పిన్ని మనింటికి వచ్చింది. మళ్లీ గడప బయటే నిలబడింది.

"మైకులో సెప్పేవంట. ఎవులిన్నారు?" అంది. "నాను ఇంటింటికీ ఎల్లి సెప్పేను. నువ్వూ అలాగే రా. ఆ ఇళ్లన్నీ నాకు గురుతే."

అప్పటినుంచి రోజూ పొద్దున్న రెండు గంటలు తిరుగుతున్నాం. ఆమె తలుపు కొడుతుంది, నేను చెబుతాను. ఒకామె ముఖం మీదే తలుపు వేసింది. ఇంకొకామె కాఫీ ఇచ్చి మరీ తిట్టింది. కొందరు మాత్రం, ఫోనులో వచ్చినప్పుడు అడగని ప్రశ్నలు నన్ను అడిగారు. ఎవరు రాశారు, నీకెవరు చెప్పారు, నువ్వెందుకు ఆగలేదు అని. ఎదురుగా మనిషి ఉంటే ఎన్ని ప్రశ్నలు పుడతాయో! పదకొండేళ్లు ఊరితో మాట్లాడాననుకున్నాను గానీ, ఊరు నాకు బదులు చెప్పడం ఇదే మొదలు.

నిన్న పెదబొడ్డేపల్లిలో ఒకింటికి వెళ్లాం. బెల్లం, బట్టల పొడి, ఆడియో, అన్నీ చెప్పాను. ఆ ఇల్లాలు నోరు తెరుచుకుని విని, "ఓలమ్మ! బెల్లంలో బట్టల పొడేటి? నానిన్నేలేదే!" అంది. పిన్ని పొరపాటున వేరే ఇంటి తలుపు కొట్టింది. ఆ ఇంట్లో లేని అనుమానాన్ని మేమే తీసుకెళ్లి పెట్టాం. దాన్ని తుడవడానికి మరో అరగంట పట్టింది. ఆఖరికి ఆమె పిన్ని సంచిలోని ముక్క నోట్లో వేసుకుని, ఒక అచ్చు తీసుకుంది. డిసెంబరు తర్వాత ఊళ్లో పిన్ని అమ్మిన మొదటి బెల్లం అదే.

వీధి మలుపు తిరిగాక పిన్ని నవ్వు ఆపుకోలేక గోడకానుకుని నిలబడింది. నాకూ వచ్చింది. అంతలోనే ఆమె నవ్వు ఆపేసి నడక సాగించింది. నాతో ఇంకా మునుపటిలా లేదు. అమ్మా అని పిలవడం లేదు. మాట అవసరమైతేనే.

కాంప్లెక్సు దగ్గర బస్సెక్కబోతూ మాత్రం నా కాళ్ల వైపు చూసింది.

"సెప్పులు అరిగిపోయేయి నీకు. రేపు బలిఘట్టం వైపు రాళ్లదారి," అంది. "మంచియి తొడుక్కుని రా."

ఇట్లు,
నిన్ను కన్న,
మీ అమ్మ
వెంకటదుర్గ