గ్యారంటీ అడిగిన సుగుణమ్మ

ఆదివారం రాత్రి, నాగాయలంక.

వేటకెళ్లిన పడవలన్నీ గాలివాన తగ్గాక తిరిగొచ్చాయి, సుగుణమ్మ భర్త పడవ తప్ప. చర్చిలో ఆరాధన అయ్యాక ఆమె మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది.

"మొక్కుకున్నాను అయ్యగారూ. బందర్లో మీ కొట్లో కొన్నదే. ఆరు నెలలు రంగు పోదని గ్యారంటీ ఇచ్చారు, రెండేళ్లయినా పోలేదు. ఇప్పుడు చెప్పండి, మా ఆయన వస్తాడా?"

"ప్రార్థన చేద్దామమ్మా."

"ప్రార్థన సరేనండి. వస్తాడా, రాడా?"

రోల్డ్‌గోల్డ్ అమ్మిన రోజుల్లో అడక్కముందే గ్యారంటీ ఇచ్చేవాణ్ణి. ఇత్తడి మీద పూత ఎన్నాళ్లుంటుందో నాకు తెలుసు మరి. దేవుడి దగ్గరికి మాత్రం ఏ గ్యారంటీ లేకుండానే వచ్చాను. గుడివాడ ఆసుపత్రిలో ఎవరో ముసలావిడ నా భార్య మంచం పక్కన మోకరించి ప్రార్థించింది. భార్య దక్కలేదు. నేను మాత్రం ఆ ముసలావిడ వెంట చర్చికి వెళ్లి, చివరికి కొట్టు అమ్మేసి పాస్టర్నయ్యాను. ఈ సాక్ష్యం ఎన్ని సభల్లో చెప్పానో! ఇవాళ సుగుణమ్మకూ చెప్పబోయి నోరు మూసుకున్నాను. అందులో మనిషి తిరిగి రాలేదు కదా.

ఆమె ఇంకా చర్చి మెట్ల మీదే కూర్చునుంది. గొలుసు ఇదిగో, నా ముందే ఉంది. తిరిగి ఇద్దామని వెళ్తే మళ్లీ అదే అడుగుతుంది.