మిగిలిపోయిన ఒక్క వరుస

సహాయక అధికారి గారికి నమస్కారములు.

వరద వీధుల నివాసులందరూ శిబిరాలకు చేరారని ఉదయం మీకు రాసింది నేనే. అది పొరపాటు. దయచేసి పడవలను అప్పుడే వెనక్కి పంపకండి.

ఆ వీధుల నివాసుల జాబితా, శిబిరాలకు చేరినవారి జాబితా, రెండింటిలోనూ ఇరవై వేల పైచిలుకు వరుసలున్నాయి. తొందరలో ఫోన్ నంబరు ఒక్కటే చూసి సరిపోల్చాను. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు రాసిన కుటుంబాలుంటాయని తోచలేదు. ఇప్పుడు వయసు కూడా కలిపి చూస్తే ఒక్క వరుస మిగిలింది: కాలువ వీధి చివరి ఇల్లు, డెబ్బై తొమ్మిదేళ్ల పెద్దావిడ.

శిబిరంలో ఆమె కొడుకును అడిగాను. "అమ్మ అక్కయ్య వాళ్ల పడవెక్కిందనుకున్నానండీ!" అన్నాడు. ఇంటందరి పేరిట రాసిన ఆ ఒక్క నంబరు ఫోను అతని జేబులోనే ఉంది.

నన్ను తరువాత విచారించండి, ముందు పడవ పంపండి. ఆమెకు చెవులు వినపడవట. పిలిస్తే పలకలేదని తిరిగి రావద్దని, తలుపు తోసి చూడమని పడవవారికి చెప్పండి.

ఇట్లు,
జాబితాల గుమస్తా