చివరి గీత కలవలేదు

మంగళవారం, అన్నాలయ్యాక.

రాయవే శ్రావణీ, మనవరాలివని నీ సొంత మాటలు కలపబాక, నేను చెప్పింది చెప్పినట్టు రాయి.

పొలం గట్టు మాదేనని మా మరిది తన నోటితో ఒప్పుకున్న వీడియో మా ఇంట్లో ట్యాబ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. కోర్టు వాయిదా దగ్గరకొచ్చాక అది ఆన్ కావడం మానేసింది. అందుకే ఇవాళ నరసరావుపేటలో ఫోన్లూ ట్యాబ్‌లూ బాగుచేసే మస్తాన్ కొట్టుకు తీసుకుపోయాం.

"ట్యాబ్‌ను లేపే ప్రోగ్రాం, బూట్‌లోడర్ అంటారు, దాని తాళం తీసి సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కిస్తా పెద్దమ్మా" అన్నాడు. తీస్తే లోపలున్నయ్యన్నీ తుడిచిపెట్టుకుపోతాయంట. ఇదేం తాళం రా!

"తియ్యొద్దు" అన్నా.

"అయితే కంపెనీ ఫైలే ఎక్కిద్దాం, వీడియోలు పోవు. కానీ వేరే మోడల్ ఫైలు పడిందంటే ట్యాబ్ ఇటుకైపోద్ది, ఇంక ఎప్పటికీ లేవదు."

"ఇటుకైతే నీ నెత్తినే పెడతా. ముందు ఆ ఫైలు మీద మోడల్ నంబరు చూపించు."

నాకు చదువు రాదు. ట్యాబ్ వెనక నంబరు గీతల్నీ, వాడి కంప్యూటర్‌లో గీతల్నీ ముగ్గు చుక్కల్లాగా ఒక్కోటే జత చూశా. చివరిది కలవలేదు. శ్రావణి చదివి, "అవును నాయనమ్మా, వేరే మోడల్" అంది.

మస్తాన్ మొహం మాడింది. "పొరపాటు పెద్దమ్మా, చూసుకోలేదు."

పొరపాటేనేమో. కానీ మా మరిది బండి ఆ వీధి మొగలోనే ఎందుకాగుంది? ట్యాబ్ వదిలేసి పొమ్మని మస్తానెందుకన్నాడు?

వదల్లేదు, కొంగులో చుట్టి తెచ్చుకున్నా. రేపు ఇంకో కొట్టుకు పోదామంటే, మా మరిదిని ఎరగనోడు ఆ పేటలో ఎవడున్నాడు...