వడ్ల గది తాళంచెవి

బాన్సువాడ, శుక్రవారం

అఖిలేశ్,

పెళ్లి సంబంధం గురించి కాదు, భయపడకుండా చదువు.

మీ రాక్ బ్యాండు కొత్త పాట ఫోన్లో విన్నాను. మూడే నిమిషాలు. పదేళ్లుగా మన వడ్ల గదిలో మీరు వాయించిన పాటలు ఒక్కోటి పప్పు ఉడికేదాకా సాగేవి. మారడం మంచిదే. కానీ బాలరాజ్ డ్రమ్ముల బదులు కంప్యూటర్ వాయిస్తోంది. అది తప్పు చేయదు. వాడు ఏడో దెబ్బకు ఎప్పుడూ కాస్త వెనకబడేవాడు, నువ్వు నవ్వేవాడివి. ఈ పాటలో ఆ నవ్వు లేదు.

నిన్న వాడొచ్చి, "అవ్వా, నా డ్రమ్ములు తీస్కపోత. ఇగ ఈడేం పని" అన్నాడు.

"తాళంచెవి యాడనో పడ్డది బిడ్డా. అఖిలేశ్ వచ్చినంక ఇద్దరు కలిసి దేవులాడుర్రి" అన్నాను.

అది నా కొంగుకే ఉంది. ఆదివారం రా. తెలియనట్టు వాడితో కలిసి చాలాసేపు వెతుకు.

మీ అవ్వ