రెండు పెద్దేముల్‌లు

వికారాబాద్,
గురువారం.

నిరోషక్కకు, తమ్ముడి వందనాలు.

ఇక్కడ నా ఒళ్లు బాగానే ఉంది, మనసే బాగాలేదు. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయని, నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. అన్నిటికన్నా ముందు ఒక మాట. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు నీ లాప్‌టాప్‌కు నెట్ పెట్టకు. నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసే ఆడవాళ్ల మాటలు రికార్డు చేశావు కదా, శనివారం తాండూరు పోయి వాటిని పంపిస్తానన్నావు. నెట్‌కు కలిపితే అవన్నీ చెరిగిపోవచ్చు.

నువ్వు నా నంబరు బ్లాక్ చేశావు. అమ్మకు ఫోన్ చేస్తే, "మీ అక్కాతమ్ముళ్ల పంచాయితీల నన్ను గుంజకుండ్రి" అని పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. "కాగితం మీదైతే కోపం జర తక్కువ చేస్తవ్, రాసి పంపు" అని పోయిన ఉత్తరంలో నువ్వే రాశావు. అందుకే ఊరికొస్తున్న పాండు మామ చేతికి ఇది ఇస్తున్నాను.

కొత్త పని ఎట్లుందని అడిగావు. మా ట్రైనింగ్ సెంటర్ లాప్‌టాప్‌లన్నిటిలో ఒక సాఫ్ట్‌వేర్ వేశాను. దాంతో నా కుర్చీలోంచే ఏ మిషన్‌నైనా బాగుచేయొచ్చు, తాళం వేయొచ్చు, మొత్తం తుడిచేయొచ్చు. దాని పేరు సిస్టమ్ మేనేజ్‌మెంట్ అని విని అమ్మ, "మల్ల మేనేజిమెంటుతోటి కొట్లాటనా?" అన్నదట. యూనిట్‌లోంచి నన్ను గెంటేసినప్పటి భయం ఆమెకింకా పోలేదు. చెప్పు, ఈసారి మేనేజిమెంటు నేనేనని.

సెంటర్‌లో ఎవరినీ పేరుతో పిలవరు, ఊరితో పిలుస్తారు. "ఓ నవాబుపేట, ఇటు రా!", "మోమిన్‌పేట్, గా మౌస్ ఇయ్యి." నేనూ మిషన్లకు అవే పేర్లు పెట్టాను. మన ఊరి భీమప్ప వాడేది పెద్దేముల్.

మొన్న భీమప్ప దాన్ని ఆటోలో మరిచిపోయాడు. మా సారు ఈశ్వర్ అందరి ముందూ అందుకున్నాడు: "గొర్లు కాసెటోళ్లకు లాప్‌టాప్ ఇస్తే గింతే." నాకు కోపం నెత్తికెక్కింది. "మీరు కారు తాళం ఎన్నిసార్లు మరిచిండ్రు సార్?" అన్నాను. "నీ ఉపన్యాసం తర్వాత. ముందు దాన్ని తుడిచెయ్, దొరికినోడు మన ఫైళ్లు చూడొద్దు" అన్నాడు. బస్టాండులో చేతికిచ్చిన ప్రతి కరపత్రాన్నీ అచ్చేసినవాళ్ల చిరునామా దాకా చదివేవాణ్ని, ఆ తెరమీది రెండు వరుసల హెచ్చరిక చదవలేదు. పెద్దేముల్ మీద నొక్కి, 'అవును' అన్నాను.

అక్కడ రెండు పెద్దేముల్‌లు ఉన్నాయక్కా. నేను నొక్కింది నీది.

నీ ప్రశ్నకు జవాబు కూడా ఇదే. "నా లాప్‌టాప్‌ల బాణం దానంతటదే కదులుతుంది, ఎవడన్న చూస్తున్నడా?" అని నువ్వడిగితే, "నీకన్నీ అనుమానాలే" అని ఫోన్‌లో అరిచాను. చూసింది నేనే. సెలవుకు వచ్చినప్పుడు నిన్నడగకుండా నీ మిషన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ వేసి, దానికీ మన ఊరి పేరే పెట్టాను. మిషన్ మెల్లగా నడుస్తోంది కదా, ఇక్కడినుంచే బాగుచేద్దామనుకున్నాను. చేశాను. ఆ తర్వాత కూడా ఊరికే తెరిచి చూశాను. పనివాళ్ల మీద కెమెరాలెందుకని యూనిట్ గేటు ముందు అరిచిన నోరే ఇది.

రద్దు కూడా నొక్కాను. 'అభ్యర్థన అందింది' అంటుంది తప్ప రద్దయిందని అనదు. నీ మిషన్ నెట్‌లోకి వచ్చిన క్షణమే తుడుచుకుపోతుందేమోనని నా భయం. "నా పేరు గూడ పెట్టు బిడ్డా, నేనెవ్వనికి భయపడ" అని కాశమ్మ పెద్దమ్మ అన్న మాట అందులోనే ఉంది. మళ్లీ చెప్పించుకోవడానికి ఆమె లేదు.

మామ నీకు పెన్‌డ్రైవ్ ఇస్తాడు. వైఫై ఆపి, ఫోన్ నెట్ కూడా ఆపి, రికార్డులన్నీ దాంట్లోకి ఎక్కించు. ఎక్కాయో లేదో విని చూసుకో. తర్వాత నా సాఫ్ట్‌వేర్ తీసెయ్యి. పాస్‌వర్డ్ అడిగితే నీ పేరే కొట్టు, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. ఆ తర్వాత నన్ను ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు.

నేనే వచ్చేవాణ్ని. పోయిన మిషన్ సంగతి తేలేదాకా సారు కదలనివ్వడం లేదు. నా తెరమీద నీ పెద్దేముల్ పక్కన ఒక బూడిదరంగు చుక్క ఉంది. నువ్వు నెట్ పెడితే అది పచ్చగా మారుతుంది. ఇన్నాళ్లూ అది పచ్చబడితే, అక్క పనిలో కూర్చుందని సంబరపడేవాణ్ని. ఇప్పుడు దానివైపే చూస్తూ, రాకక్కా, ఇప్పుడే రాకు అని బతిమాలుకుంటున్నాను.

ఇట్లు,
నిన్నడగకుండా నీ ఇంట్లో దూరిన
నీ తమ్ముడు,
డేవిడ్