అన్నయ్య చెయ్యి

13-3-1984, మంగళవారం, రాయపూర్ స్టేషన్

ఇద్దరం దరఖాస్తు పెడితే మస్కట్ వీసా నాకొక్కడికే వచ్చింది. ఆ మాట చెప్పగానే అన్నయ్య నా చెంప పగలగొట్టాడు.

"పని నేర్పింది నేను. నన్నొగ్గేసి ఎలగెల్తావురా?" అంటూ నా పాస్‌పోర్టు చింపబోయాడు.

మేం పనిచేసే మిల్లు నుంచి తెచ్చిన ఇనప కడ్డీ గోడకు ఆనించి ఉంది. దానితో అతని ముంజేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. అన్నయ్య కూలబడ్డాడు. నేను ముందు పాస్‌పోర్టు తీసుకున్నాను.

సాయంత్రం కట్టుతో వచ్చాడు. రెండు నెలలు పనికి వెళ్లకూడదట.

"నేను ఆగిపోతాను వదినా, ఇల్లు చూసుకుంటాను" అన్నాను.

వదిన నా పెట్టె వీధిలోకి విసిరింది. "బస్, సాలు. ఆయన చెయ్యి బాగైతే నిన్ను సంపేత్తాడు. ఈలోపే ఎల్లిపో."

ఆ మాటకు నాకు ఊపిరి ఆడింది. ఆగిపోతానని అన్నది, ఆమె వెళ్లిపొమ్మంటుందనేనేమో...